కోట గోడల నడుమ గోల్ఫ్: నయా ఖిల్లా మైదానాన్ని ఎలా చూడాలి?

గోనెగండ్ల, ఎమ్మిగనూరు, ఆదోని వైపు నుంచి హైదరాబాద్ వెళ్లినవాళ్లు చాలామంది గోల్కొండ చూసే ఉంటారు. కింద చప్పట్లు కొట్టి, కొండ మీది బాలా హిసార్ ఎక్కి, దిగి వచ్చేస్తారు. అదే కోటకు ఈశాన్యం వైపు నయా ఖిల్లా (కొత్త కోట) అనే భాగం ఉంది. అక్కడ పాత బురుజుల నడుమ ఇప్పుడు 18 గుంతల గోల్ఫ్ మైదానం ఉంది. హైదరాబాద్ గోల్ఫ్ అసోసియేషన్ దాన్ని నడుపుతోంది. గోల్ఫ్ తెలియనివాళ్లకు కూడా అక్కడ నేర్చుకోదగిన సంగతి ఒకటుంది. నేల తక్కువైనప్పుడు, నీళ్లు తక్కువైనప్పుడు ఆలోచన ఎంత పని చేయగలదో ఈ ఆట బాగా చూపిస్తుంది.

ముందు ఆట సంగతి

చిన్న బంతిని కర్రతో కొట్టుకుంటూ పోయి, దూరంగా ఉన్న గుంతలో వేయాలి. గుంత వెడల్పు 108 మిల్లీమీటర్లు. ఎవరు తక్కువ దెబ్బల్లో వేస్తే వాళ్లదే గెలుపు. ప్రతి గుంతకూ ఒక పార్ (మంచి ఆటగాడికి పట్టే దెబ్బల లెక్క) ఉంటుంది. అది 3, 4 లేదా 5.

మొదటి దెబ్బ టీ (ఆట మొదలుపెట్టే చదును గట్టు) మీద నుంచి కొడతారు. అక్కడి నుంచి ఫెయిర్‌వే (పొట్టిగా కత్తిరించిన గడ్డి బాట) సాగుతుంది. దాని పక్కన రఫ్ (పెరగనిచ్చిన గడ్డి), దారిలో బంకర్లు (ఇసుక గుంతలు) ఉంటాయి. చివర గ్రీన్ (గుంత చుట్టూ నున్నటి గడ్డి) ఉంటుంది. టీ నుంచి గ్రీన్ వరకు ఈ దారి మొత్తాన్నీ కూడా గుంత అనే అంటారు.

ఈ ఆట స్కాట్లాండ్‌లో సముద్రపు ఒడ్డు ఇసుక దిబ్బల మీద పెరిగింది. అలాంటి మైదానాలను లింక్స్ అంటారు. ఒడ్డుకు దూరంగా, లోపలి నేల మీద చెట్లూ గడ్డీ పెంచి తీర్చినవి పార్క్‌ల్యాండ్ (తోట తరహా) మైదానాలు. మన దేశానికి గోల్ఫ్ తొందరగానే వచ్చింది. కలకత్తా క్లబ్బు 1829 నాటిది, బెంగళూరు క్లబ్బు 1876 నాటిది. 2021 ఆగస్టులో టోక్యో ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచిన అదితి అశోక్ బెంగళూరు అమ్మాయే. ఆ రోజు ఈ ఆటను మొదటిసారి టీవీలో చూసిన ఇళ్లు మన వైపూ ఉన్నాయి.

శిక్షించడమా, అడగడమా?

మైదానం తీర్చడంలో ముఖ్యంగా రెండు పద్ధతులున్నాయి. మొదటిది శిక్షించే పద్ధతి. దారికి అడ్డంగా ఇసుక గుంతో నీటి గుంటో పెడతారు. అందరూ దాన్ని దాటించి కొట్టాల్సిందే. దాటించలేనివాడికి వేరే దారి లేదు.

రెండోది వ్యూహ పద్ధతి. వానాకాలం పొలం నుంచి ఇంటికి రావడానికి రెండు దారులుంటాయి. వంకలో దిగితే దగ్గర, కానీ నీళ్ల జోరు చూసుకోవాలి. వంతెన మీదుగా అయితే చుట్టు, కానీ భయం లేదు. వ్యూహ పద్ధతి మైదానంలో ప్రతి గుంత దగ్గరా ఇలాంటి బేరమే ఉంటుంది. అపాయానికి దగ్గరగా కొట్టినవాడికి తర్వాతి దెబ్బ సులువు. దూరంగా కొట్టినవాడికి అపాయం లేదు, కానీ ఒక దెబ్బ ఎక్కువ పడుతుంది. బలం తక్కువైన ముసలాయనకూ ఒక దారి ఉంటుంది, బలమైన కుర్రవాడికీ ఒక పరీక్ష ఉంటుంది.

దీనికి పేరుమోసిన ఉదాహరణ అమెరికాలోని అగస్టా నేషనల్. అది అంతకుముందు మొక్కల నర్సరీ. అలిస్టర్ మెకంజీ, ఆటగాడు బాబీ జోన్స్ కలిసి దాన్ని తీర్చారు. 1933లో తెరిచారు. మెకంజీ వైద్యుడు. దక్షిణాఫ్రికాలో బోయర్ యుద్ధంలో పనిచేశాడు. బోయర్లు (అక్కడ స్థిరపడిన డచ్ సంతతి రైతులు) తమ కందకాలను చుట్టూ ఉన్న నేలలో కలిసిపోయేలా ఎలా తవ్వారో అక్కడ గమనించాడు. ఆ పాఠాన్ని తర్వాత మైదానాలకు వాడాడు. మనిషి పెట్టిన అడ్డంకి కూడా నేలలో పుట్టినట్టే ఉండాలన్నది అతని పట్టుదల. అగస్టా తెరిచినప్పుడు అక్కడ 22 బంకర్లే ఉన్నాయి. మిగతా పనంతా నేల వాలు, చెట్లు, వాగు చేశాయి.

అక్కడి 13వ గుంత చూద్దాం. పార్ 5. దారి ఎడమకు వంగుతుంది. ఎడమ అంచు వెంట చిన్న వాగు పారుతుంది. అదే వాగు చివర గ్రీన్ ముందు అడ్డంగా తిరుగుతుంది. వాగు అంచున బంతి వేయగలిగితే అక్కడ నేల చదునుగా ఉంటుంది, గ్రీన్ దగ్గరవుతుంది, రెండో దెబ్బకే చేరవచ్చు. భయపడి కుడికి కొడితే బంతి వాలు మీద ఆగుతుంది. కాళ్ల కన్నా ఎత్తులో ఉన్న బంతిని వాగు మీదుగా దాటించడం కష్టం. అప్పుడు వాగుకు ఇవతలే ఆపి, మూడో దెబ్బకు గ్రీన్ చేరడం మంచిది. ఎవరి దారి వాళ్లే ఎంచుకోవాలి.

ఇప్పుడే ఈ సంగతి ఎందుకు?

కర్రలూ బంతులూ మారాయి. బంతి మునుపటి కన్నా చాలా దూరం పోతోంది. అగస్టా 13వ గుంత వంపును బంతి సులువుగా దాటేస్తే ఆ బేరానికి అర్థం ఉండదు. అందుకే 2023లో ఆ 13వ గుంతను 35 గజాలు పొడిగించి 545 గజాలు చేశారు. ఆట నియమాలు చూసే సంస్థలు కూడా బంతి దూరాన్ని కట్టడి చేస్తామని అదే ఏడాది డిసెంబరులో ప్రకటించాయి.

పొడిగించాలంటే నేల కావాలి. 18 గుంతల మైదానానికి మామూలుగానే 100 నుంచి 200 ఎకరాలు పడుతుంది. నేల పెరిగితే గడ్డి పెరుగుతుంది, గడ్డి పెరిగితే నీళ్ల ఖర్చు పెరుగుతుంది. అగస్టాకు డబ్బుంది, పక్క నేల కొనగలదు. పాత గోడల మధ్య ఉన్న మైదానం అలా పెరగలేదు. దానికి మిగిలింది వ్యూహమే. ఎక్కడ గడ్డి కోయాలి, ఎక్కడ బండను వదిలేయాలి, గుంతను గ్రీన్ మీద ఏ మూలన పెట్టాలి అన్న ఆలోచనతోనే అది ఆటను నిలబెట్టుకోవాలి.

కోట నేల మీద ఆట నేల

నయా ఖిల్లా ఊరికే కట్టింది కాదు. 1656లో మొఘల్ సేన గోల్కొండ మీదికి వచ్చింది. ఈ వైపు గుట్ట శత్రువుకు అనువైన చోటని అప్పుడు తేలింది. దాంతో గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్ షా ఆ గుట్టను కలుపుకొని కొత్త గోడ పెట్టించాడు. 1687లో ఎనిమిది నెలల ముట్టడి తర్వాత గోల్కొండ ఔరంగజేబు చేతికి పోయింది. మరుసటి ఏడాదే మన ఆదోని కోట కూడా మొఘలుల వశమైంది.

కోట కట్టేవాడు శత్రువుకు దారులు మూస్తాడు. బాలా హిసార్ దర్వాజా ముందున్న అడ్డుగోడను గమనించండి. ఏనుగు పరుగెత్తుకొచ్చి తలుపును గుద్దే చోటు లేకుండా అక్కడ మలుపు పెట్టారు. మంచి మైదానం తీర్చేవాడు అదే నేల, అదే మలుపు, అదే బండ వాడుకొని దారులు తెరుస్తాడు. రెండు విద్యలూ నేలను చదవడం మీదే నిలిచాయి. ఒకే చోట రెండూ కనిపించడం నయా ఖిల్లా ప్రత్యేకత.

దీనికి మరో వైపూ ఉంది. ఇక్కడ గోల్ఫ్ పెట్టడాన్ని భూములున్న రైతులూ, చారిత్రక కట్టడాల కోసం పనిచేసేవారూ వ్యతిరేకించారు. వాళ్ల ఆందోళనకు కారణం ఉంది. 1958 నాటి పురాతన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం, కేంద్రం రక్షణలో ఉన్న కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషేధం. ఆ తర్వాత మరో 200 మీటర్ల వరకు అనుమతి ఉండాలి. పాత గోడకు తవ్వకమూ ముప్పే, నిలిచిన నీరూ ముప్పే. నీరు పునాదిలోకి ఇంకితే మట్టి మెత్తబడి రాయి జారుతుంది.

నీటి లెక్క గడ్డి దగ్గర తెలుస్తుంది. వేడి ప్రాంతాల మైదానాల్లో వాడే బెర్ముడా గడ్డి మరేదో కాదు, మన గరికే. చేలో గుంటక తోలి తీసేసేదీ, వినాయక చవితికి ఏరి తెచ్చేదీ అదే. గ్రీన్ల కోసం దాన్ని ఆఫ్రికా గరికతో సంకరం చేసి, మూడు నాలుగు మిల్లీమీటర్ల ఎత్తులో కత్తిరిస్తారు. ఆకు అంత పొట్టిదైతే వేరుకు బలం తక్కువ. లోతుకు పోలేని వేరుకు ఎండాకాలం రోజూ తడి కావాలి. చేలో ఎండకు తట్టుకునే గరిక ఇక్కడ నీళ్లు లేనిదే బతకదు. కాబట్టి పచ్చగా ఉంచే నేల ఎంత తక్కువైతే అంత మేలు. శుద్ధి చేసిన మురుగునీరు వాడటం, ఆడని చోట బండలనూ తుప్పలనూ అలాగే వదిలేయడం ఇందుకు దారులు.

చూడబోయేవారికి

ఇది క్లబ్బు, కాబట్టి ముందుగా ఫోను చేసి అనుమతి అడగండి. నయా ఖిల్లాలోనే హతియాన్ కా ఝాడ్ అనే బావోబాబ్ చెట్టుంది. చుట్టుకొలత సుమారు 27 మీటర్లు. దాన్ని చూడటానికి కూడా అనుమతి సంగతి ముందే కనుక్కోండి. ఎవరైనా "ఫోర్!" అని అరిస్తే బంతి మీ వైపు వస్తోందని అర్థం. తల కాచుకోండి. గ్రీన్ మీద కాళ్లు ఈడ్వకండి.

టీ దగ్గర నిలబడి గుంత వైపు చూడండి. ఎన్ని దారులున్నాయి? దగ్గరి దారికి వెల ఏమిటి? గోడకు, చెట్టుకు ఎంత ఎడం వదిలారు? జవాబులు బాగుంటే మంచి మైదానం. హుంద్రి నది నీళ్లను, గాజులదిన్నె జలాశయం మట్టాన్ని ఏటా లెక్కేసుకునే మనకు ఈ లెక్క కొత్త కాదు. ఉన్న నేలను చదివి సరిపెట్టుకోవడం పేదరికం కింద రాదు. అది నేర్చుకోవలసిన విద్య. బడి ఆటస్థలం వేసినా, ఊరి పార్కు వేసినా ముందు అక్కడి వాలును, బండను, చెట్టును చూసి గీత గీయడం మనం మొదలుపెట్టాలి.