హెరాల్డ్ వెనక ఆక్సిల్: ఆ 'టక్' శబ్దం ఎక్కణ్ణుంచి వస్తోంది?

కుప్పం నుంచి ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. "అన్నా, మా తాత స్టాండర్డ్ హెరాల్డ్ ఉంది. ఇంజన్ పెద్దది వేసినాం, టైర్లు వెడల్పువి వేసినాం. క్లచ్ వదిలితే వెనక టక్ మంటోంది. మలుపులో వెనక భాగం పైకి లేస్తోంది. ఇంకో కమాన్ కట్ట వేస్తే సరిపోతుందంటున్నారు, వేయాల్నా?"

వద్దు తమ్ముడూ. ఎందుకో చెప్తా.

హెరాల్డ్ 1959లో ఇంగ్లండ్‌లో ట్రయంఫ్ పేరుతో వచ్చింది. 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ కంపెనీ తయారు చేసింది. 1962లో వచ్చిన స్పిట్‌ఫైర్ స్పోర్ట్స్ కారుకు వెనక సస్పెన్షన్ దీని నుంచే వెళ్లింది. కాబట్టి రోగం ఒకటే, మందూ ఒకటే.

మన అంబాసిడర్‌లో వెనక ఆక్సిల్ ఒకే దుంగలా ఉంటుంది. హెరాల్డ్‌లో అలా కాదు. క్రౌన్ పినియన్ డబ్బా ఛాసిస్‌కే బిగించి ఉంటుంది. దాని నుంచి రెండు వైపులా రెండు షాఫ్టులు, ఒక్కోదానికి లోపలి వైపు ఒకే క్రాస్. పక్షి రెక్కల్లా కిందికీ పైకీ ఊగుతాయి. అందుకే దీన్ని స్వింగ్ ఆక్సిల్ అంటారు. కమాన్ కట్ట అడ్డంగా, డబ్బా పైన ఉంటుంది.

ఇబ్బంది ఏంటంటే, మలుపులో సడన్‌గా యాక్సిలరేటర్ వదిలినా, బ్రేక్ కొట్టినా వెనక భాగం లేస్తుంది. రెక్క కిందికి వాలుతుంది, బయటి చక్రం అడుగు లోపలికి ముడుచుకుంటుంది. టైరు అంచు మీద నిలబడుతుంది, పట్టు పోతుంది, బండి తిరిగిపోతుంది. ఇంకో కట్ట వేస్తే వెనక ఇంకా ఎత్తవుతుంది, గట్టిపడుతుంది. అంటే చక్రం ముందే సగం ముడుచుకున్నట్టు! 1965లో రాల్ఫ్ నాడర్ తన పుస్తకంలో షెవర్లే కోర్వెయిర్‌ను ఏకిపారేసింది ఇలాంటి స్వింగ్ ఆక్సిల్ గురించే.

ఇప్పుడు చెక్ చేద్దాం. బండి జాకీ మీద మాత్రమే ఉంటే కిందికి దూరొద్దు, స్టాండ్లు పెట్టండి.

ఒకటి, 'టక్' శబ్దం. షాఫ్టును చేత్తో ముందుకూ వెనక్కూ తిప్పండి. క్రాస్ దగ్గర లూజు తెలిస్తే క్రాస్ మార్చాలి. అక్కడ లేకపోతే క్రౌన్ పినియన్ చూడాలి.

రెండు, 'ఊఁ' మనే మోత. యాక్సిలరేటర్ నొక్కినప్పుడు, వదిలినప్పుడు మారితే అనుమానం క్రౌన్ పినియన్ మీద. మలుపులో మారితే హబ్ బేరింగ్ మీద.

మూడు, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆడితే బేరింగ్ అయినా, ట్రనియన్ బుష్‌లు అయినా అరిగుంటాయి.

అసలు భయం నాలుగోది. షాఫ్టు బయటి కొస సన్నబడుతూ పోతుంది, హబ్ దాని మీద కీ, నట్‌తో కూర్చుంటుంది. పెద్ద ఇంజన్, వెడల్పు చక్రాలు కలిస్తే లోడంతా అక్కడే పడుతుంది. అక్కడ విరిగితే చక్రం, హబ్ రెండూ ఊడి పోతాయి. అందుకే హబ్‌ను సుత్తితో కొట్టి తీయొద్దు. సరైన పుల్లర్‌తోనే తీయించి, ఆ కొసకు డై పెనెట్రెంట్ టెస్ట్ చేయించండి. ఎర్ర గీత కనిపిస్తే ఆ షాఫ్టు పాత ఇనుమే. వెల్డింగ్ అస్సలు వద్దు.

ముడుచుకునే గుణం తగ్గాలంటే? 1970 స్పిట్‌ఫైర్ మార్క్ 4లో ట్రయంఫ్ వాళ్లే దారి చూపించారు. అడుగు కట్ట ఒక్కటే గట్టిగా బిగించి, మిగతావి మధ్యలో ఊగేలా వదిలారు. దాన్ని స్వింగ్ స్ప్రింగ్ అంటారు. దాంతోపాటు ముందు యాంటీ రోల్ బార్ లావుది పెట్టారు. మనం కూడా రెండూ కలిపే మార్చాలి. మన దగ్గర 1972లో వచ్చిన గెజెల్‌లో అయితే స్వింగ్ ఆక్సిల్ తీసేసి మామూలు ఆక్సిలే పెట్టారు.

ఇంకో మాట. 2021 రూల్స్ ప్రకారం 50 ఏళ్లు దాటి, ఒరిజినల్‌గా ఉన్న బండికే వింటేజ్ రిజిస్ట్రేషన్. తీసిన పాత ఇంజన్ తూకానికి అమ్మేయొద్దు. ఇంజన్ మార్పు ఆర్‌సీలో ఎక్కించారో లేదో కూడా చూసుకోండి.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడూ 42వ జాతీయ రహదారి మీదే ఉన్నాయి. రోడ్డు బాగుంది కదా అని తొక్కాలనిపిస్తుంది. మలుపుకు ముందే బ్రేక్ వేయండి, మలుపులో యాక్సిలరేటర్ మీద కాలు నిలకడగా ఉంచండి. షాఫ్టు టెస్ట్ అయ్యేదాకా మాత్రం బండిని షెడ్డు దాటించొద్దు తమ్ముడూ.