ఒలింపిక్స్‌లో కనిపించని బరువులు: ఆల్‌రౌండ్ లిఫ్టింగ్

వెయిట్‌లిఫ్టింగ్ అనగానే మనకి 2000 సిడ్నీలో కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరి గారే గుర్తొస్తారు. అక్కడ ఉన్నవి రెండే లిఫ్టులు, స్నాచ్, క్లీన్ అండ్ జెర్క్. కానీ 1896 ఏథెన్స్‌లో ఒంటిచేత్తో ఎత్తే పోటీ కూడా ఉండేది! లాన్స్‌టన్ ఇలియట్ గెలిచాడు. అలా పక్కకి పోయిన పాత లిఫ్టుల్ని ఇంకా పట్టుకుని ఉన్నవాళ్లే ఈ ఆల్‌రౌండ్ లిఫ్టర్లు.

జెర్చర్ అంటే బార్‌ని మోచేతుల మడతలో పెట్టుకుని లేవడం. స్టైన్‌బోర్న్ ఇంకా భయం. బరువెక్కించిన బార్‌ని నిలువుగా నిలబెట్టి, దాని పక్కన గొంతుక్కూర్చుని, భుజాల మీదకి ఒంచుకోవాలి. లేచి నిలబడాలి. మళ్లీ కూర్చుని, ఎలా ఎత్తుకున్నామో అలాగే దించాలి. స్టాండు ఉండదు, ఎవరూ అందించరు. కాస్త అటూ ఇటూ అయితే నడుం పోయినట్టే.

ఇన్ని రకాల లిఫ్టులు, మళ్లీ వయసుకో విభాగం, ఒంటి బరువుకో విభాగం... రికార్డు తేలికే కదా అంటారు. కొంత నిజమే, కొన్ని విభాగాల్లో మొదట ఎత్తినవాళ్లదే రికార్డు. అయినా స్టైన్‌బోర్న్‌కి మాత్రం నేను ఆ మాట ఒప్పుకోను.

చూసి సరదాపడి చేద్దామనుకుంటే ఖాళీ బార్‌తోనే మొదలుపెట్టండి, అదీ తెలిసినవాళ్లు పక్కనుంటేనే.