తొమ్మిది హిట్లు కొట్టినా ఓటమే

అమెరికాలో బేస్‌బాల్ అనే ఆట ఉంది. ఇందులో కూడా క్రికెట్‌లో లాగే బంతి, బ్యాటు ఉంటాయి. ఒక్కో జట్టులో 9 మంది ఆడతారు. ఒకరు బంతి విసురుతారు. ఎదుటి జట్టు మనిషి దాన్ని కొడతాడు.

మైదానంలో నాలుగు మూలలా నాలుగు గుర్తులు ఉంటాయి. వాటిని బేసులు అంటారు. బంతిని బాగా కొట్టి, అవుట్ కాకుండా బేసు చేరితే అది ఒక హిట్. నాలుగు బేసులూ చుట్టి వస్తే ఒక పరుగు. ఒక్కో జట్టుకు 9 వంతులు ఉంటాయి. అప్పటికి పరుగులు సమానమైతే ఆట ఇంకా సాగుతుంది.

బంతిని కొట్టడం అంత తేలిక కాదు. పదిసార్లకు మూడు హిట్లు కొట్టినవాడే మంచి ఆటగాడు. మరి ఒకే ఆటలో 9 హిట్లు కొట్టిన మనిషి ఉన్నాడంటే నమ్ముతారా?

ఉన్నాడు. అతని పేరు జానీ బర్నెట్. క్లీవ్‌లాండ్ జట్టువాడు. అది 1932 జూలై 10, ఆదివారం. ఆ రోజు ఫిలడెల్ఫియా జట్టు క్లీవ్‌లాండ్ ఊరికి వచ్చింది. అప్పట్లో ఫిలడెల్ఫియాలో ఆదివారం ఈ ఆట ఆడటానికి చట్టం ఒప్పుకునేది కాదు. అందుకని ఒక్క ఆట కోసం రైలెక్కి వచ్చారు. రైలు ఖర్చు తగ్గుతుందని బంతి విసిరేవాళ్లను ఇద్దరినే తెచ్చుకున్నారు.

మొదటివాడు ఒక్క వంతులోనే దెబ్బతిన్నాడు. అతన్ని తప్పించారు. ఈ ఆటలో ఒకసారి తప్పించిన మనిషి మళ్లీ ఆడకూడదు. ఇక మిగిలింది ఎడ్డీ రామెల్ ఒక్కడే. ఆట 9 వంతులతో ముగియలేదు. 18 వంతులు సాగింది. రామెల్ 17 వంతులు ఒక్కడే బంతి విసిరాడు. చెయ్యి ఎంత నొచ్చి ఉంటుందో!

బర్నెట్ 11 సార్లు బ్యాటు పట్టి 9 హిట్లు కొట్టాడు. అతని జట్టు మొత్తం 33 హిట్లు కొట్టింది. ఫిలడెల్ఫియా కొట్టినవి 25 మాత్రమే. మరి గెలిచింది ఎవరు? ఫిలడెల్ఫియానే! పరుగులు 18, 17. ఒక్క పరుగు తేడా. 29 హిట్లు ఇచ్చిన రామెల్ గెలిచాడు. 9 హిట్లు కొట్టిన బర్నెట్ ఓడాడు. హిట్లు ఎన్ని కొట్టినా, చుట్టి వచ్చిన పరుగులనే లెక్క పెడతారు కదా!

పెద్ద జట్ల ఆటల్లో బర్నెట్ 9 హిట్లను ఈనాటికీ ఎవరూ దాటలేదు. అయినా అతను పెద్ద పేరున్న ఆటగాడేం కాదు. ఆ రోజు ఆట లెక్క రాసి ఉంచారు కాబట్టే అతని పేరు నిలిచింది.

ఇంకో లెక్క చూడండి. 1975 సెప్టెంబర్ 16న షికాగోలో పిట్స్‌బర్గ్ జట్టు ఆడింది. ఆ జట్టులో రెన్నీ స్టెనెట్ అనే ఆటగాడు 7 సార్లు బ్యాటు పట్టాడు. 7 సార్లూ హిట్లే! ఒక్కటీ పోలేదు. ఆ ఆట 9 వంతుల్లోనే ముగిసింది. పిట్స్‌బర్గ్‌కు 22 పరుగులు వచ్చాయి. షికాగోకు సున్నా.

ఇప్పుడు చెప్పండి, ఎవరిది గొప్ప? 7 కంటే 9 పెద్ద అంకె. అందుకని బర్నెట్‌దే గొప్ప అంటారు కొందరు. కాని బర్నెట్‌కు 11 అవకాశాలు వచ్చాయి. స్టెనెట్‌కు వచ్చినవి ఏడే. అందుకని స్టెనెట్‌దే గొప్ప అంటారు మరికొందరు. ఇద్దరి మాటా నిజమే.

కూలి లెక్కయినా, పాల లెక్కయినా ఇంతే. 'ఎంత?' అని ఒక్కటే అడిగితే చాలదు. 'ఎన్ని రోజులకు? ఎన్ని లీటర్లకు?' అని కూడా అడగాలి. ఒక్క అంకె చూసి తలూపవద్దు. దాని పక్కన రాసిన అంకె కూడా చదవాలి.