క్వోకా: డేటాతో ఆట చూపించిన కంపెనీ

మ్యాచ్ చూస్తూనే ఫోన్‌లో బంతి వేగం, గెలుపు అవకాశాల శాతం చూసుకుంటాం కదా. ఆటను ఇలా డేటాతో చూపించొచ్చని డయల్-అప్ కాలంలోనే నమ్మిన కంపెనీ ఒకటుండేది: శాన్‌ఫ్రాన్సిస్కోలోని క్వోకా స్పోర్ట్స్.

1983లో అమెరికాస్ కప్ గెలిచిన ఆస్ట్రేలియా నావికుడు జాన్ బెర్ట్రాండ్ దీని వ్యవస్థాపకుల్లో ఒకరు. నడిసముద్రంలో తెరచాప పడవల పందెం జరిగితే ఒడ్డున ఉన్నవాళ్లకి ఏం కనిపిస్తుంది? అందుకే 1997-98 విట్‌బ్రెడ్ ప్రపంచయాత్ర పందెంలో పడవలు ఎక్కడున్నాయో, గాలి ఎంత వేగంగా వీస్తోందో, నావికులు ఏం రాస్తున్నారో శాటిలైట్ ద్వారా తెప్పించి వెబ్‌లో పెట్టారు. టీవీ కెమెరా రోజూ వెళ్లలేని చోటి నుంచి కబుర్లు రోజూ వచ్చాయి.

1999లో షేర్లు మార్కెట్‌కి వచ్చాయి. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌కి ఎన్‌బీసీతో కలిసి వెబ్‌సైట్ నడిపారు. మరుసటి ఏడాదే దివాలా!

నాకు అర్థమైనంతవరకు చిక్కు టెక్నాలజీలో లేదు. ప్రతి పందేనికీ ఖర్చు మళ్లీ మొదటి నుంచి పెట్టాలి. పందెం అయిపోతే జనం వెళ్లిపోతారు. ఆదాయమేమో స్పాన్సర్లు, ప్రకటనల మీద. డాట్‌కామ్ బుడగ పగలగానే ఆ డబ్బు ఎండిపోయింది.

మన ప్రాజెక్టు రివ్యూల్లో "ఇది ఎలా పనిచేస్తుంది?" అని అందరం అడుగుతాం. "దీని సర్వర్ బిల్లు ఎవరు కడతారు?" అని కూడా అడగడం మొదలుపెడదాం.