పరాయి నగరంలో తొలి వంద రోజులు

కుర్రవాడికి దుబాయి వీసా వచ్చిందంటే ఆ ఇంటికి పెళ్లికళ వస్తుంది. చుట్టాలు వచ్చి దువా చేస్తారు. పచ్చడి సీసాలు, అరిసెలు సర్ది పెడతారు. విమానాశ్రయం దాకా వెళ్లి సాగనంపుతారు. అయితే ఆ సందడి వెనుక చాలా ఇళ్లలో అప్పు ఉంటుంది. అమ్మీ గొలుసు తాకట్టులో ఉంటుంది. కడపలోనైనా, కరీంనగర్‌లోనైనా, హైదరాబాద్ పాతబస్తీలోనైనా ఇదే పరిస్థితి. కనుక కొత్త నగరంలో ఆ కుర్రవాడు గడిపే తొలి వంద రోజులు ఇంటిల్లిపాదికీ పరీక్షే. ఈ పరీక్షలో నెగ్గాలంటే కాగితాలు సరిగా ఉండాలి. ఇంటికీ అతనికీ మధ్య దాపరికం లేకుండా ఉండాలి.

విమానం ఎక్కకముందే

విజిట్ వీసా మీద వెళ్లు, అక్కడికి పోయాక పని వీసాగా మార్పిస్తామని చెప్పే ఏజెంట్ల మాట నమ్మవద్దు. విజిట్ వీసా మీద పనిచేయడం అక్కడి చట్టం ప్రకారం నేరం. ఏజెంటుకు మన కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూసుకోవచ్చు. లైసెన్సు ఉన్న ఏజెంటు తీసుకోదగిన ఫీజు 30 వేల రూపాయలు, దానిపై జీఎస్టీ మాత్రమే. ఎంత ఇచ్చినా రసీదు అడిగి తీసుకోవాలి. పదో తరగతి పాసు కాని వారు గల్ఫ్ దేశాలకు పనికి వెళ్లాలంటే ఎమిగ్రేషన్ అనుమతి తప్పనిసరి. దానితోపాటు ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద 10 లక్షల రూపాయల ప్రమాద బీమా వస్తుంది. ఆ కాగితం నకలు ఇంట్లో ఉంచుకోవాలి.

రాతలో ఉన్నదే హక్కు

అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు రాసుకోవాలని దివ్య ఖుర్ఆన్‌లోని అల్ బఖరా సూరా 282వ ఆయత్ ఆదేశిస్తోంది. జీతం విషయంలోనూ ఆ జాగ్రత్తే మనల్ని కాపాడుతుంది. అక్కడి ఆఫర్ లెటర్లు అరబ్బీ, ఇంగ్లీషులతో పాటు ఉర్దూ, హిందీలలోనూ దొరుకుతాయి. కానీ ఇంట్లో ఉర్దూ మాట్లాడినా తెలుగు మీడియంలో చదివిన మన పిల్లల్లో చాలామందికి ఉర్దూ చదవడం రాదు. కాబట్టి తెలిసిన వారితో చదివించుకున్న తర్వాతే సంతకం చేయాలి.

మొత్తం జీతం ఎంత అన్నది ఒక్కటే చూస్తే చాలదు, మూల వేతనం ఎంతో చూడాలి. ఏడాది దాటి పనిచేసిన వారికి ఉద్యోగం ముగిశాక వచ్చే గ్రాట్యుటీని దాని మీదే లెక్క కడతారు. మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల మూల వేతనం వస్తుంది. పాస్‌పోర్టును యజమాని తన దగ్గర ఉంచుకోవడానికి వీల్లేదు.

నగరం నేర్పే పాఠాలు

అల్ ఖూజ్, సోనాపూర్ క్యాంపుల్లో ఒకే గదిలో పలువురు సర్దుకోవాలి. దేరాలో, బర్ దుబాయిలో బయట ఉండేవారు అద్దెకు తీసుకునేది గది కాదు, మంచం. దానినే బెడ్ స్పేస్ అంటారు. మన దక్కనీ ఉర్దూతో బజారులో పని జరిగిపోతుంది. అయినా నాలుగు అరబ్బీ మాటలు, నాలుగు ఇంగ్లీషు మాటలు నేర్చుకున్నవాడు త్వరగా పైకొస్తాడు.

అక్కడ శుక్రవారమంతా సెలవేనని చాలామంది అనుకుంటారు. 2022 జనవరి నుంచి ప్రభుత్వ కార్యాలయాలకు శని, ఆదివారాలు సెలవు, శుక్రవారం ఒంటిపూట పని. ప్రైవేటు కంపెనీల్లో సెలవు రోజు ఒప్పందాన్ని బట్టి ఉంటుంది. జుమా నమాజుకు వెళ్లే వీలు గురించి చేరిన రోజే అడిగి తెలుసుకోవాలి. ఎండ సంగతి వేరే చెప్పనక్కరలేదు. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నం 12.30 నుంచి 3 గంటల దాకా ఆరుబయట ఎండలో పని చేయించరాదని అక్కడి నిబంధన.

ఇంటివారు ఆలోచించవలసింది

బుర్జ్ ఖలీఫా ముందు నిలబడి దిగిన ఫొటో చూసి మా వాడు హాయిగా ఉన్నాడని మురిసిపోతాం. గదిలో నిద్ర పట్టడం లేదని, మేస్త్రీ తిడుతున్నాడని, చెప్పిన పని ఒకటి చేయిస్తున్నది మరొకటి అని అతను చెప్పడు. అమ్మీ ఏడుస్తుందని అతని భయం. ఇటు నుంచి మాత్రం అడగడం ఆగదు. చెల్లెలి నిఖా, ఇంటి స్లాబు, తమ్ముడికి బండి.

ఒక్కసారి లెక్క వేద్దాం. జీతం 1,000 దిర్హాములు, గది కంపెనీది అనుకుందాం. తిండికి 300, ఫోనుకూ సబ్బులకూ దారి ఖర్చులకూ 150 పోతే మిగిలేది 550. అప్పు తీరేది అందులోనే, ఇల్లు గడిచేదీ అందులోనే. ఈ లెక్క తెలియని ఇల్లు అతని మీద ఒత్తిడి పెంచుతుంది. ఆ ఒత్తిడికి తట్టుకోలేక, బయట రెండింతలు ఇస్తారన్న మాట నమ్మి కంపెనీ వదిలి పారిపోయిన పిల్లలు ఎందరో ఉన్నారు. గల్ఫ్‌లో మనవాళ్లు దీనినే ఖల్లివల్లి కావడం అంటారు. కాగితాలు లేనివాడు జబ్బు చేస్తే ఆసుపత్రికి వెళ్లడానికీ భయపడతాడు. తండ్రి పోయాడని కబురు అందినా, జనాజాకు భుజం ఇవ్వడానికి వెంటనే రాలేడు. 2024 సెప్టెంబర్ నుంచి డిసెంబర్ ఆఖరు దాకా యుఎఇ క్షమాభిక్ష ప్రకటించినప్పుడు జరిమానా లేకుండా బయటపడే అవకాశం అలాంటి వారికి దొరికింది. అటువంటి అవకాశం ప్రతి ఏడాదీ రాదు.

జీతం అందకపోతే పారిపోవడం దారి కాదు. అక్కడి కార్మిక శాఖకు ఫిర్యాదు చేయవచ్చు. దుబాయిలో మన కాన్సులేటు ఉంది, ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం ఉంది.

తల్లిదండ్రులు పిల్లవాడిని సాగనంపేముందే ఒక మాట చెప్పాలి: "కష్టంగా ఉంటే దాచకు బేటా. తిరిగి వచ్చినా ఈ ఇల్లు నీదే." ఫోను చేసినప్పుడు ఎంత పంపుతున్నావని కాదు, తిన్నావా, పాస్‌పోర్టు నీ దగ్గరే ఉందా, జీతం రాసుకున్నంతా అందిందా అని ముందు అడగాలి. డబ్బు మాట ఆ తర్వాత మాట్లాడుకోవచ్చు.