మూడు రోజులు ఆగండి!
డచ్చి ఓడ కెప్టెన్ విల్లెం బొంటెకూ జీవిత గాథ

ఓడ పగిలిన కథ అనగానే మనకు అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయం గుర్తుకొస్తుంది. పౌలు భక్తుడు ప్రయాణం చేసిన ఆ ఓడలో 276 మంది ఉన్నారు. ఓడ పోయింది గాని ఒక్క ప్రాణమూ పోలేదు. ఇది జరిగిన తర్వాత పదిహేను వందల ఏళ్లు దాటాక హిందూ మహాసముద్రంలో ఇంకొక ఓడ నాశనమైంది. అందులో సగానికి పైగా జనం పోయారు. మిగిలినవారు అన్నపానాలు లేక తిరిగిన పడవలో ఒక కెప్టెన్ పలికిన ఒక్క మాట కొందరు పసివాళ్ల ప్రాణం కాపాడింది. ఆ కెప్టెన్ పేరు విల్లెం బొంటెకూ.

హోర్న్ పట్టణపు కుర్రవాడు

హాలెండు దేశంలో హోర్న్ అనే పాత రేవు పట్టణం ఉంది. బొంటెకూ 1587లో అక్కడ పుట్టాడు. తండ్రి కూడా ఓడ నడిపినవాడే. డచ్చి భాషలో బొంటెకూ అంటే మచ్చల ఆవు అని అర్థం. తండ్రి ఓడ పేరు అదే, ఇంటివారికి నిలిచిపోయిన పేరూ అదే. 1607లో, ఇరవై ఏళ్ల ప్రాయంలో, విల్లెం తండ్రి స్థానంలో ఆ ఓడకు కెప్టెన్ అయ్యాడు.

పదేళ్లు బాగానే గడిచాయి. 1617లో ఉత్తర ఆఫ్రికా సముద్రపు దొంగలు ఆ ఓడను పట్టుకున్నారు. బొంటెకూను బానిసల సంతలో నిలబెట్టారు. విడుదల క్రయధనం చెల్లించాక ఆయన బయటపడ్డాడు గాని ఓడ తిరిగి రాలేదు. ఒక మనిషిని సంతలో పశువులా అమ్మడమంటే ఏమిటో ఆయన సొంత అనుభవంతో తెలుసుకున్నాడు. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరకు వస్తాము.

మరుసటి ఏడు డచ్చి ఈస్టిండియా కంపెనీ ఆయనను 'న్యూ హోర్న్' అనే పెద్ద ఓడకు కెప్టెన్‌గా నియమించింది. ఈ కంపెనీ మనకు కొత్తది కాదు. 1605లోనే మన మచిలీపట్నానికి వచ్చి బట్టల వ్యాపారం మొదలుపెట్టింది ఆ కంపెనీయే. భీమునిపట్నంలో నేటికీ ఉన్న పాత సమాధులు ఆ డచ్చివారివే.

1618 డిసెంబరు 28న న్యూ హోర్న్ 206 మందితో జావా దీవికి బయలుదేరింది. కింద అరల్లో సరుకులతో పాటు తుపాకి మందు పీపాలు వందల కొద్దీ ఉన్నాయి. కొద్ది రోజులకే తుఫాను తగిలి పెద్ద కొయ్య దెబ్బతింది. దాన్ని బాగుచేసుకుని ముందుకు సాగారు. గాలి అనుకూలంగా ఉందని ఆఫ్రికా కొనన ఆగకుండా వెళ్లారు. నెలల తరబడి పచ్చికూర, పండు ముట్టకపోయేసరికి చిగుళ్లు వాచి, కాళ్లు పడిపోయే స్కర్వీ జబ్బు పట్టుకుంది. మడగాస్కర్ చుట్టుపక్కల దీవుల్లో దిగి, తాబేళ్లు, పక్షులు, నిమ్మపండ్లు తిన్నాక రోగులు లేచి నడిచారు.

కొవ్వొత్తి చేసిన పని

1619 నవంబరు 19. నవంబరు 19 అంటే మన దివిసీమ వారికి 1977 నాటి ఉప్పెన గుర్తుకొస్తుంది. బొంటెకూకు కూడా జీవితాంతం మరువరాని రోజు అదే. ఆ మధ్యాహ్నం ఓడలో సామానుల గదివాడు బ్రాందీ తీయడానికి కొవ్వొత్తి పట్టుకుని కిందికి దిగాడు. కొవ్వొత్తిని పక్కనున్న పీపాకు గుచ్చాడు. వత్తి నుంచి ఒక నిప్పు రవ్వ రాలి పీపా రంధ్రంలో పడింది. అంతే! పీపా అడుగు ఊడిపోయి, మండే బ్రాందీ కమ్మరి బొగ్గుల మీదికి పారింది.

నీళ్లు పోశారు. ఆరిందనుకున్నారు. అర్ధగంటకు బొగ్గుల్లోంచి మళ్లీ మంటలు లేచాయి. తుపాకి మందును సముద్రంలో పారవేద్దామని బొంటెకూ అన్నాడు. కంపెనీ ఓడల్లో కెప్టెన్ కన్నా సరుకుల మీద అధికారికే పెద్దరికం. ఆ అధికారి హైన్ రోల్ ఒప్పుకోలేదు. మంట ఆరిపోతే, రేపు శత్రువు ఎదురైతే మందు లేకుండా ఏం చేస్తామన్నాడు. పౌలు మాట వినక శతాధిపతి నావికుని మాట, ఓడ యజమానుని మాట నమ్మిన సంగతి ఇక్కడ చదువరులకు తోచకపోదు. నష్టం ఎంతవుతుందో లెక్క వేసేవారికి ప్రాణాల లెక్క ఆలస్యంగా గుర్తొస్తుంది.

ఈలోగా కొందరు చడీచప్పుడు లేకుండా రెండు పడవల్లోకి దిగి దూరం జరిగారు. హైన్ రోల్ కూడా వారితోనే పోయాడు. బొంటెకూ మాత్రం ఓడ మీదే ఉండి మిగిలినవారితో కలిసి నీళ్లు మోశాడు. మంట నూనె పీపాలకు అంటుకుంది. చివరికి మందు పారవేయడం మొదలుపెట్టారు గాని కొంతే పోయింది. ఇంకా సుమారు మూడు వందల పీపాలు కిందనే ఉన్నాయి. ఒక్క పేలుడుతో ఓడ ముక్కలైంది. 119 మంది ఆకాశంలోకి ఎగిరిపోయారు.

గాలిలోకి లేచి నీళ్లలో పడిన బొంటెకూ తలకు, వీపుకు గాయాలయ్యాయి. తేలుతున్న కొయ్యను పట్టుకున్నాడు. ఓడ మీద మిగిలినవారిలో ఆయనా, హార్మెన్ అనే యువకుడూ ఇద్దరే బతికారు. పడవలవారు వచ్చి వారిని ఎక్కించుకున్నారు.

పడవలో పదమూడు రోజులు

రెండు పడవల్లోనూ కలిపి 72 మంది. తినడానికి ఏడెనిమిది పౌన్ల రొట్టె. తాగడానికి చుక్క నీరు లేదు. దిక్కు తెలిపే పటం కూడా లేదు. బొంటెకూ అందరి చొక్కాలూ విప్పించి, కుట్టించి తెరచాపలు చేయించాడు. సూర్యుని ఎత్తు కొలిచే కర్రను వడ్రంగి చేత తయారు చేయించాడు. తనకు జ్ఞాపకమున్నంత వరకు సుమత్రా, జావా దీవుల పటాన్ని పడవ చెక్క మీద గీశాడు. కొన్నాళ్లకు చిన్న పడవలోనివారిని కూడా పెద్దదానిలోకి తీసుకున్నారు. రాత్రీ పగలూ ప్రార్థన చేస్తూ సాగారు.

వాన పడినప్పుడు తెరచాపలు పరచి నీరు పట్టారు. కెప్టెన్ తన చెప్పు కొన కోసి దానినే గిన్నెగా చేశాడు. మనిషికి ఇంతని కొలత. ఆ స్థితిలో కూడా ఆ జనం, "మీరు కావలసినంత తాగండి" అన్నారట. ఆయన మాత్రం వారికంటే ఒక్క గుక్క ఎక్కువ తీసుకోలేదు. ఒకరోజు పక్షులు చేతికందేంత దగ్గరగా వచ్చాయి. ఇంకొకరోజు ఎగిరే చేపలు పడవలోకి వచ్చి పడ్డాయి. పచ్చివే తిన్నారు. తర్వాత అవీ లేవు. కొందరు సముద్రపు నీరే తాగారు.

అప్పుడు పడవలో గుసగుసలు మొదలయ్యాయి. ఓడలో పని నేర్చుకోవడానికి వచ్చిన చిన్న కుర్రవాళ్లు కొందరు వారితో ఉన్నారు. ముందు వాళ్లను చంపి తిందామని పెద్దవాళ్లు అనుకున్నారు. ఆకలి అంత దాకా తెచ్చింది. దండించేందుకు కెప్టెన్ చేతిలో ఆయుధం లేదు, బలం లేదు. ఆయన హృదయంలో దేవునికి మొరపెట్టాడు. తర్వాత వారిని బతిమాలాడు: ఈ పని చేయకండి, నేల దూరంలో లేదు, దేవుడు విడిపిస్తాడు. ఇలాగే చెబుతూ వచ్చావు గదా అని వాళ్లు ఎదురు మాట్లాడారు. కడకు మూడు రోజులు ఆగుతామని ఒప్పుకున్నారు.

ఆ గడువు ముగియక ముందే, డిసెంబరు 2న, పదమూడవ రోజున, పొగమంచు తొలగి చుక్కాని పట్టినవానికి నేల కనబడింది. ఆ దీవిలో కొబ్బరికాయలు దొరికాయి. పసివాళ్లు బతికారు.

కష్టాలు అక్కడితో తీరలేదు. సుమత్రా ఒడ్డున ఆహారం కోసం దిగినప్పుడు అక్కడివారికీ వీరికీ ఘర్షణ జరిగి పదిహేను మంది దాకా తగ్గిపోయారు. అంతకు ముందు ఒకసారి ఇద్దరు స్థానికుల దోనెలో బొంటెకూ ఒంటరిగా చిక్కుకున్నాడు. వాళ్లు డబ్బు కోసం బెదిరించారు. ప్రాణభయంలో ఆయనకు పాట పాడాలని తోచింది. అడవి మారుమోగేలా పాడాడు. వాళ్లు నవ్వి, ఆయనను క్షేమంగా దింపారు. చివరకు జావా దగ్గర ఫ్రెడరిక్ హౌట్‌మన్ నడిపిస్తున్న డచ్చి ఓడల సమూహం కనబడి, మిగిలినవారందరూ రక్షించబడ్డారు.

రక్షించబడిన తర్వాత

మన పత్రికల్లో ఇలాంటి కథను సాధారణంగా ఇక్కడ ఆపేస్తాము. ఆపితే సగం సత్యమే చెప్పినట్టు. కంపెనీ ఆయనకు మళ్లీ ఓడ ఇచ్చింది. 1622లో కొర్నేలిస్ రెయెర్సెన్ నాయకత్వంలో మకావును పట్టుకోవడానికి బయలుదేరిన ఓడల్లో బొంటెకూ ఓడ కూడా ఉంది. ఆ దాడి విఫలమైంది. ఆ తర్వాత చైనా తీరం వెంట పడవలు తగలబెట్టారు, ఊళ్లు దోచారు, జాలరులనూ పల్లెవారినీ బందీలుగా పట్టుకున్నారు. పెస్కడోర్స్ దీవుల్లో కోట కట్టడానికి ఆ బందీల చేత చాకిరీ చేయించారు. వారిలో ఎందరో చనిపోయారు. ఈ పనుల్లో బొంటెకూ చేయి ఉంది. తన దినచర్యలో వాటిని, గాలి ఎటు వీచిందో రాసినంత తేలికగా రాశాడు.

బానిస సంతలో నిలబడి వచ్చినవాడు! పసివాళ్ల కోసం బతిమాలినవాడు! గొప్ప అప్పు క్షమించబడి బయటికి వెళ్లి తోటి దాసుని గొంతు పట్టుకున్నవాని ఉపమానం మత్తయి సువార్త 18వ అధ్యాయంలో మరొకసారి చదవండి. తన పడవలోనివారి మీద కనికరం చూపడం ఒక మెట్టు. పరాయి ఊరివాని పిల్లలు కూడా పిల్లలేనని చూడగలగడం ఇంకొక మెట్టు. అపాయంలో ప్రార్థించినవాడు అధికారం చేతికి వచ్చాక కూడా ప్రార్థించాలి. ఆ యేళ్లలో ఆ రెండవ మెట్టు ఆయన ఎక్కలేదు.

1625లో బొంటెకూ 'హాలెండియా' అనే ఓడతో ఇంటిదారి పట్టాడు. ఆయనతో బయలుదేరిన మూడు ఓడల్లో ఒకటి తుఫానులో మునిగింది. రెయెర్సెన్ దారిలోనే చనిపోతే మడగాస్కర్ తీరాన పాతిపెట్టారు. బొంటెకూ ఆ ఏడాది నవంబరులో స్వదేశం చేరాడు. 1626లో పెళ్లి చేసుకుని హోర్న్‌లో స్థిరపడ్డాడు. ఇరవై ఏళ్ల తర్వాత, 1646లో, ఒక ప్రచురణకర్త ఆయన దినచర్యను అచ్చు వేశాడు. అది ఇంటింటా చదివే పుస్తకమైంది. 1657లో ఆయన కన్నుమూశాడు.

హోర్న్ రేవులో ఈనాడు ముగ్గురు కుర్రవాళ్ల కంచు బొమ్మలు నీళ్లవైపు చూస్తూ కూర్చుని ఉన్నాయి. యోహాన్ ఫాబ్రిసియస్ అనే రచయిత 1924లో బొంటెకూ ఓడ కుర్రవాళ్ల గురించి రాసిన నవలకు గుర్తుగా వాటిని పెట్టారు.

ప్రియ చదువరులారా, మన ఇళ్లు కూడా పడవలే. వాన లేక, పంటలేక, అప్పులు మీదపడిన ఏడు ముందుగా ఎవరి చదువు ఆపుతాము? ఎవరిని పనికి పంపుతాము? ఎవరి పళ్లెంలో అన్నం తగ్గుతుంది? తరచుగా అది నోరెత్తలేని పిల్లదే. అటువంటి రాత్రి ఇంటిపెద్ద లేచి, "ఆగండి, మూడు రోజులు ఆగండి, ప్రార్థన చేద్దాము" అనగలగాలి. నేల కనబడి, కడుపు నిండిన తర్వాత పక్క పడవలోని పిల్లలను కూడా మరువకుండా ఉండాలి. ప్రభువు మనకట్టి హృదయం దయచేయును గాక.