గుమ్మము ముందర హాకీ కఱ్ఱ

2018 ఏప్రిల్ మాసమున కెనడా దేశపు ఊళ్లలో రాత్రివేళ నడచిపోవువారికి ఒక వింత దృశ్యము కానవచ్చెడిది. ఇండ్ల గుమ్మముల ముందర దీపములు వెలుగుచుండెను. ఆ దీపముల ప్రక్క, గోడ కానించిన హాకీ కఱ్ఱ లుండెను. అవి పిల్లలు ఆటముగించి మఱచిపోయినవి కావు. మరలిరాని ఆటగాండ్రకు, వారెచ్చట నున్నను, అక్కఱపడునేమో యని ఇంటివారు తెలిసి పెట్టినవి. కార్తికమాసమున పితృదేవతలకు త్రోవ చూపుటకై ఆకాశదీపము నెత్తు తెలుగువారికి ఈ భావము పరాయిది కాదు.

ఆ నెల 6వ తేదీ సాయంకాలము, సస్కాచెవాన్ రాష్ట్రమందలి హంబోల్ట్ పట్టణపు యువకుల హాకీ జట్టు 'బ్రాంకోస్' నిపావిన్ అను ఊరికి పోటీకై బస్సులో బయలుదేరినది. రెండు రహదారులు కలియు చోట, ఆగవలసిన గుర్తును లక్ష్యపెట్టక వచ్చిన పెద్దలారీ యొకటి త్రోవ కడ్డపడెను. బస్సు దానిని ఢీకొనెను. బస్సులోని 29 మందిలో 16 మంది మరణించిరి. 13 మంది గాయపడిరి. మృతులలో పదిమంది ఆటగాండ్రు. తక్కినవారు శిక్షకులు, బస్సు నడపువాడు, ఆటను రేడియోలో వర్ణించువాడు మున్నగువారు.

పోటీల కాలమున ఐకమత్యమునకు గుర్తుగా ఆ కుఱ్ఱవాండ్రలో పెక్కురు తమ జుట్టునకు ఒకే బంగారువన్నె రంగు వేసికొనియుండిరి. ఆ గుర్తే ఆసుపత్రిలో ఎవరెవరో పోల్చుకొనుటకు అడ్డమైనది. బ్రదికియున్నాడని నమ్మిన ఒక బిడ్డ మరణించినట్లును, మరణించెనని ఏడ్చిన బిడ్డ బ్రదికియున్నట్లును తరువాత తేలినది.

హంబోల్ట్ ఆరువేల జనాభా గల చిన్న పట్టణము. 1970లో ఏర్పడిన ఆ జట్టు ఏ ధనికునిదియు కాదు, ఊరిదే. గడ్డకట్టిన మంచుపై, స్కేటింగు జోళ్లు తొడిగి ఆడు ఈ హాకీకి పదునాఱు మొదలు ఇరువదియొక్క యేండ్ల వఱకు గల పిల్లలు దూరప్రాంతములనుండి వత్తురు. వారికి వసతిగృహములు లేవు. ఊరిలోని కుటుంబములే ఒక్కొక్కరిని తమ యింట నుంచుకొని, అన్నము పెట్టి, సొంతబిడ్డవలె చూచుకొనును. పూర్వము మన పల్లెలలో వారములు చేసికొని చదువుకొన్న విద్యార్థుల నెఱిగినవారికి ఈ బంధము సులభముగా బోధపడును. వారముపిల్లవానికి జ్వరము వచ్చినచో ఆ యిల్లాలు తన బిడ్డకు వచ్చినట్లే కలతచెందెడిది. హంబోల్ట్‌లోను ఆ రాత్రి ఒక్కొక్క బిడ్డకై రెండేసి ఇండ్లు తల్లడిల్లినవి.

ప్రమాదవార్త తెలిసిన కొద్ది గంటలలోనే ఆ ఊరి స్త్రీ యొకతె అంతర్జాలమున విరాళములకై విన్నపము చేసెను. పిల్లలకొఱకు పరుగున వచ్చు తల్లిదండ్రుల ప్రయాణమునకు, భోజనమునకు, బసకు కొంత సాయపడవలెనన్నదే ఆమె తలంపు. పండ్రెండు దినములు గడచునప్పటికి ఎనుబది దేశములనుండి లక్షా నలువది వేలకు మించిన దాతలు పంపిన ధనము కోటిన్నర కెనడా డాలర్లు దాటినది.

ఇచ్చట చదువరికి ఒక సందేహము కలుగవచ్చును. కెనడాలో వైద్యము ప్రభుత్వభారమే కదా, ఇంత ధనముతో పని యేమి? ఆ ప్రశ్నకు సమాధానము ఆ రాష్ట్రపు చరిత్రలోనే యున్నది. ప్రజలందఱికి ప్రభుత్వమే వైద్యవ్యయము భరించు పద్ధతి కెనడాలో మొట్టమొదట పుట్టినది సస్కాచెవాన్‌లోనే. దానికి మూలపురుషుడైన టామీ డగ్లస్ బాల్యమున కాలియెముక వ్యాధితో బాధపడెను. ఆ కుటుంబము బీదది. కాలు తీసివేయక తప్పదను స్థితిలో విన్నిపెగ్ నగరపు శస్త్రవైద్యు డొకడు, తన విద్యార్థులు చూచి నేర్చుకొనుటకు ఒప్పుకొన్నచో రుసుము లేకుండ చికిత్స చేయుదునని ముందుకు వచ్చెను. కాలు దక్కినది. ఆ బాలుడే పెరిగి 1922, 1923 సంవత్సరములలో మానిటోబా రాష్ట్రమున తేలికబరువు మల్లముష్టి విజేత యయ్యెను. ఒక బిడ్డ కాలు నిలుచుట వైద్యుని దయపైనను, అదృష్టముపైనను ఆధారపడరాదను పట్టుదల ఆయనకు అప్పుడే కలిగినది. ఆయన రాష్ట్రప్రధానియైన పిదప 1947లో ఆసుపత్రి భీమా అమలులోనికి వచ్చెను. ఆయన తరువాతివాని పాలనలో 1962 జూలై 1న వైద్యభీమా ప్రారంభమైనది. వైద్యులు 23 దినములు సమ్మె చేసినను అది నిలిచినది. 1966లో దేశమంతటికి శాసనమైనది.

కనుక హంబోల్ట్ బిడ్డల శస్త్రచికిత్సలకు ఏ తండ్రియు పొలము తాకట్టు పెట్టవలసిన అవసరము లేకపోయెను. కాని చట్టము చూచునది రోగిని. అతని యింటిని కాదు. పనికి పోలేక ఆసుపత్రిలో కూర్చున్న తల్లి జీతము, నెలల తరబడి పరాయి ఊర బస, చక్రముల కుర్చీ తిరుగుటకు వీలుగా ఇంటి ద్వారములను వెడల్పు చేయుట, ఇవన్నియు ఇంటివారి మీదనే పడును. రొమ్మునుండి క్రిందికి చచ్చుబడిపోయిన రయన్ స్ట్రాష్నిట్‌స్కీ అను యువకుడు 2019లో వెన్నెముక చికిత్సకై థాయిలాండ్ వెళ్లెను. ఆ చికిత్స స్వదేశపు భీమా పరిధిలోనిది కాదు. చట్టము ముగిసినచోట పొరుగువాని పని మొదలగును.

ధనము కూడుట ఒక యెత్తు. పంచుట మఱియొక యెత్తు. ఇట్టి విరాళముల పంపకమునకై సస్కాచెవాన్‌లో ఉన్న ప్రత్యేకచట్టము ననుసరించి వ్యవహారము న్యాయస్థానము ముందుకు వచ్చెను. తక్షణావసరములకై 29 కుటుంబములకు తలకొక 50 వేల డాలర్లు మొదట ఇచ్చిరి. మిగిలినదానిని గూర్చి ఆలోచించుటకు విశ్రాంత న్యాయమూర్తి, వైద్యుడు, ప్రసిద్ధ హాకీ క్రీడాకారిణి మొదలగువారితో సంఘ మేర్పడినది. గాయపడిన 13 మందిలో ఇద్దఱు ఆ సెప్టెంబరులోనే మరల మంచుపై ఆటకు దిగిరి. కొందఱు ఇక నడువలేరు. కొందఱికి మెదడు దెబ్బతిన్నది. అందఱికి ఒకే వాటా యగుట న్యాయమా? ఎక్కువ నష్టపడినవానికి ఎక్కువ ఇయ్యవలదా? ఈ ప్రశ్న తేలికది కాదు. తుదకు గాయపడినవారి కందఱికి సమానముగాను, మృతుల కుటుంబములకు అంతకు కొంచెము హెచ్చుగాను నిర్ణయమైనది. దాతలు ఇచ్చినది ఫలానా బిడ్డకని కాదు, ఆ బస్సులోని వారందఱికని. ఒకరి దుఃఖమును మఱియొకరి దుఃఖముతో తూచి వెలకట్టినచో, ఒక్క జట్టుగా నుండిన కుటుంబములు ప్రతిపక్షులుగా మాఱెడి ప్రమాదమును కలదు.

ధనముతో పనిలేని దానము కూడ అందొకటి జరిగినది. లోగన్ బౌలే అను ఆటగానికి వ్యాయామశిక్షణ నిచ్చిన రిక్ సగిట్ 2017 జూన్‌లో మరణించినపుడు ఆయన అవయవములు ఆఱుగురికి ఉపయోగపడినవి. ఆ సంగతి లోగన్ మనసున నాటుకొన్నది. తానును అట్లే చేయుదునని తండ్రితో చెప్పి, 21 ఏండ్లు నిండగానే అంగీకారపత్రముపై సంతకము చేసెను. కొద్ది వారములకే ఆ ప్రమాదము. కొడుకు బ్రదుకడని వైద్యులు చెప్పినపుడు తల్లిదండ్రులు ఆ మాట నిలిపిరి. ఆఱుగురికి అవయవములు చేరినవి. ఈ కథ విన్న కెనడా ప్రజలలో లక్షకు మించినవారు కొన్ని వారములలోనే అవయవదాతలుగా పేర్లు వ్రాయించుకొనిరి. 2019 మొదలు ఏటేట ఏప్రిల్ 7న ఆ జట్టు రంగైన ఆకుపచ్చ చొక్కాలు తొడిగి అచటివారు ఆ దానమును స్మరించుచున్నారు.

సగిట్ ఆ పాఠమును నల్లబల్లపై వ్రాసి చెప్పలేదు, పరీక్షలో అడుగలేదు. శిష్యుడు చూచి నేర్చుకొనెను. ఏ పాఠశాల మైదానముననైనను ఒక ఆటగాని యింట జబ్బు ప్రవేశించు దినము రావచ్చును. ఆనాడు జట్టువారు చందాపెట్టె పట్టుకొని తిరుగుటయు, వచ్చిన ప్రతిపైసను అందఱియెదుట లెక్కించి అప్పగించుటయు అవసరమే. ఆ పెట్టె ఖాళీయైన పిదప, నెలలు గడచిన తరువాత, వీధిలో మాటలు ఉడిగిన పిమ్మట, ఆ యింటి తలుపు తట్టి 'ఈ పూట ఏమి కావలెను?' అని అడుగువాడు కూడ ఒకడుండవలెను. హంబోల్ట్ ఇండ్లలో ఆ పని చేసినవారి పేర్లు ఏ పత్రికలోను అచ్చు కాలేదు.